గిటార్ టోన్ పల్చగా ఉందని బాస్ పెంచేస్తున్నారా

గిటార్ సౌండ్‌ని రకరకాలుగా మార్చే పెట్టె, అదే మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ చేతికి రాగానే చాలామంది చేసే పని ఒకటే, టోన్ పల్చగా అనిపిస్తే బాస్ పెంచు, గెయిన్ (సిగ్నల్ బలం) పెంచు, మిడ్స్ (మధ్య ఫ్రీక్వెన్సీలు) తగ్గించు. గదిలో ఒక్కళ్ళమే వాయించుకుంటే అదిరిపోతుంది కూడా, కాదనను. బ్యాండ్‌తో కలిస్తే మాత్రం గిటార్ ఎక్కడుందో వెతుక్కోవాలి, ఎందుకంటే కింద బాస్ గిటార్, కిక్ డ్రమ్ కూర్చుని ఉంటాయి, పైన సింబల్స్, మనకి మిగిలేది మధ్యలో చోటు, దాన్నే మనం కోసేశాం.

పైగా తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బాస్ సరిగా వినపడదు, 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు. అందుకే అర్ధరాత్రి మెల్లగా పెట్టుకుని చేసిన ప్యాచ్ (సేవ్ చేసుకున్న సెట్టింగ్) స్టేజీ మీద గుమ్ముమంటూ మోగుతుంది. ఏ సౌండ్‌లో వాయిస్తామో ఆ సౌండ్‌లోనే సెట్ చేసుకోవాలి, పక్కింటివాళ్ళు ఊరుకుంటే.

అసలు సంగతంతా డిస్టార్షన్‌లో, అంటే సౌండ్‌ని గరగరలాడించే ఎఫెక్ట్‌లో ఉంది. దానిలోకి రెండు స్వరాలు కలిపి పంపితే వాటి ఫ్రీక్వెన్సీల తేడా కూడా ఇంకో స్వరంలా పుడుతుంది. లావు తీగ 82.4 హెర్ట్జ్, దాన్ని స అనుకుంటే ప 123.5, తేడా 41 చిల్లర, అంటే సరిగ్గా కింది స్థాయి స! మనం కొట్టని స్వరం, గిటార్‌లో లేని స్వరం, స, ప కలిపి కొట్టే పవర్ కార్డ్‌కి ఆ బరువు వచ్చేది ఇందువల్లే. అదే స పక్కన అంతర గాంధారం కొట్టండి, 103.8, తేడా 21.4 వస్తుంది, కానీ రెండు స్థాయిల కింద స ఉండాల్సింది 20.6 దగ్గర. కుదరదు. ఇలాంటివి బోలెడు పుట్టి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి కాబట్టి గాంధారం కూడా కలిసిన ఫుల్ కార్డ్స్ వాయించే ప్యాచ్‌లో గెయిన్ సగానికి దించేయండి, నిండుగా వినిపిస్తుంది.

ఇంకా, బాస్ తగ్గించాల్సింది డిస్టార్షన్‌కి ముందు, కావాలంటే తర్వాత ఈక్యూలో (ఫ్రీక్వెన్సీలను విడివిడిగా పెంచి తగ్గించే చోట) కొంచెం కలుపుకోవచ్చు. ట్యూబ్ స్క్రీమర్ అనే పచ్చ రంగు పెడల్ చేసేది ఇదే, కింద కోసి 700 హెర్ట్జ్ చుట్టుపక్కల లేపుతుంది. మీ ప్రాసెసర్‌లో ఆ పచ్చ పెడల్ మోడల్ ఉంటే డ్రైవ్ (దాని గెయిన్) బాగా తగ్గించి, లెవెల్ పెంచి ఆంప్ (యాంప్లిఫయర్) మోడల్ ముందు పెట్టి చూడండి.

క్యాబ్ సిమ్యులేషన్, అంటే గిటార్ స్పీకర్ పెట్టెని అనుకరించే ఫిల్టర్, మర్చిపోతే ఇవన్నీ వేస్ట్. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక దాదాపు పలకదు, ఆ ఫిల్టర్ లేకుండా డైరెక్ట్‌గా మిక్సర్‌కి ఇస్తే డిస్టార్షన్ దోమల రొదలా ఉంటుంది. నిజం గిటార్ ఆంప్‌కి కలిపితే మాత్రం ఆఫ్ చేయాలి, లేకపోతే రెండుసార్లు ఫిల్టరై మూగబోతుంది.

చివరగా స్టీరియో చిట్కా, ఒక పక్క సౌండ్‌కి 20 మిల్లీసెకన్ల డిలే (ఆలస్యం) పెడితే చెవి రెండింటినీ ఒకే శబ్దంగా తీసుకుని వెడల్పుగా వింటుంది. హెడ్‌ఫోన్స్‌లో సూపర్. కానీ చాలాచోట్ల సౌండ్ సిస్టమ్ మోనో, అంటే ఒకే ఛానెల్, అక్కడ రెండు పక్కలూ కలిసిపోయి 75, 125, 175 అలా ప్రతి 50 హెర్ట్జ్‌కీ ఒకచోట సౌండ్ రద్దయిపోతుంది, కాబట్టి డిలే లేని మోనో ప్యాచ్ ఇంకోటి సేవ్ చేసి పెట్టుకోండి.