సంగటి పిల్లోడు కనబడకపోతే

చిన్నారులకు తాత ఆశీస్సులు.

మొన్న బుజ్జిది ఫోన్లో అడిగింది: "తాతా, మా బడి వెనక గుట్ట పచ్చగానే ఉంది కదా. అడవి బాగుందో లేదో తెలియడానికి చెట్లను చూస్తే చాలదా? టీచరమ్మ సీతాకోకచిలుకల్ని లెక్కపెట్టమంటుందెందుకు?" ఫోన్లో చెబితే సగంలోనే ఇంకో మాటలోకి పోతాం. అందుకే ఈ ఉత్తరం.

పండక్కి మనింట్లో అందరూ చేరినప్పుడు చూశారు కదా. ఒకడికి సంగటి లేనిదే ముద్ద దిగదు. ఒకతి పెరుగన్నం తప్ప ముట్టదు. ఇంకొకడికి చెనిక్కాయల ఊరుబిండి ఉండాల్సిందే. వీధిలో పోయేవాళ్ళు మన వంటింట్లోకి తొంగిచూడక్కర్లేదు. వీళ్ళంతా కడుపు నిండి అరుగు మీద ఆడుకుంటుంటే చాలు, ఈ ఇంట్లో రాగులున్నాయి, పాడి ఉంది, చెనిక్కాయలున్నాయి అని తెలిసిపోతుంది.

సీతాకోకచిలుకల పిల్లలు, అంటే గొంగళిపురుగులు, ఇట్లాంటి పేచీకోర్లే. ఒకదానికి నిమ్మ, కరివేపాకు, మారేడు లాంటి ఆకులే కావాలి. నారింజ రెక్కలకు నల్లంచున్న దాని పిల్లలు జిల్లేడు మీద పెరుగుతాయి. నల్ల రెక్కల మీద తెల్ల పట్టీలు, ఎర్రటి ఒళ్ళు ఉండే ఇంకొకటుంది. దాని పిల్లలకు ఈశ్వరి జాతి తీగలు తప్ప వేరే ఆకు పనికిరాదు. అందుకే తల్లి గుడ్డు పెట్టేముందు ఆకు మీద వాలి, ముందుకాళ్ళతో టపటపా తట్టి రుచి చూస్తుంది. అవును, కాళ్ళతోనే!

చెట్టు వందేళ్ళు నిలబడుతుంది. దాని కింద పొదలు, తీగలు, గడ్డి అన్నీ పోయినా దూరానికి గుట్ట పచ్చగానే కనిపిస్తుంది. రెక్కలొచ్చాక సీతాకోకచిలుక బతికేది చాలావరకు కొన్ని వారాలే. ఈశ్వరి తీగను పీకేస్తే ఆ కష్టం తొందరగానే బయటపడుతుంది. అరుగు మీద సంగటి పిల్లోడు కనబడలేదంటే రాగుల కుండ ఖాళీ అన్నమాట.

శేషాచలం పెద్ద అడవి. దాన్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే ప్రాణులన్నిటితో కలిపి కాపాడుకోవాల్సిన ప్రాంతంగా ప్రకటించారు. మీ గుట్ట అట్లా కాదు. చుట్టూ రోడ్లు, ప్లాట్లు వచ్చి ముక్కగా మిగిలిపోయింది. ఉమ్మడి ఇల్లు పంచుకున్నట్టే. రాగులు ఒక వాటాలోకి, పాడి ఇంకో వాటాలోకి పోయాయి. ఎండను ఇష్టపడే సీతాకోకచిలుకలు రోడ్డు దాటి వెళ్తాయి. రాలిన ఆకుల రంగులో, నీడలో నేలకు దగ్గరగా ఎగిరేవి కొన్ని ఆ మండే ఖాళీ జాగా దాటడానికి జంకుతాయి. ముక్క చిన్నదయ్యేకొద్దీ అంచుల నుంచి ఎండ, వేడిగాలి లోపలికి చొరబడి, వాటికి ఆ నీడా మిగలదు.

ఒక్క మాట. లాంటానా కంప పూల మీద తేనె కోసం గుంపులుగా వాలినవాటిని చూసి మోసపోకండి. అది వీధి చివర టీ బంకు. అందరూ వచ్చి తాగిపోతారు, అక్కడ ఎవరి బిడ్డలూ పెరగరు. ఎన్ని ఉన్నాయని కాదు, ఎన్ని రకాలున్నాయని చూడాలి.

నా చిన్నప్పుడు చంద్రగిరి దగ్గర మాకొక మామిడి తోపు ఉండేది. ఒకసారి మా అవ్వ ఒక ఆకు వంచి "ఏముందో చెప్పు" అంది. ఆకు తప్ప ఏమీ లేదన్నాను. ఆమె వేలు పెట్టి చూపించాక ఆశ్చర్యపోయాను. ఆకుపచ్చ పురుగు, ఒంటికి రెండు పక్కలా పక్షి ఈకల్లాంటి ముళ్ళు, వీపు మీద సన్నటి పసుపు గీత. ఆ గీత సరిగ్గా ఆకు నడిమి ఈనె మీద పడేలా పడుకుని ఉంది. దాన్ని దులిపేయనివ్వలేదు మా అవ్వ. "నాలుగు నోళ్ళు తింటేనే అది తోపు" అనేది. మీరూ ఆకుకు చిల్లు పడిందని మందు కొట్టమని ఇంట్లో అడగకండి నాయనా.

ఇంకొక వింత. ఈశ్వరి తీగలో విషం ఉంటుంది. అది తిని పెరిగినదాన్ని పిట్టలు ముట్టవు. కరివేపాకు తిని పెరిగే ఒక రకంలో కొన్ని ఆడవి అచ్చం దాని వేషమే వేసుకుని తిరుగుతాయి. అద్దం లేదు, నేర్పిన వాళ్ళు లేరు. దాని వెనక కథ చాలా పొడవు, ఇప్పుడు చెప్పను. ముందు ఆ రెండిటినీ పక్కపక్కన చూడండి. ఒకదాని ఒళ్ళు ఎర్రగా, ఇంకోదాని ఒళ్ళు నల్లగా ఉంటుంది.

లెక్కపెట్టడం కష్టమేమీ కాదు. బ్రిటన్‌లో 1976 నుంచి మామూలు మనుషులు ఈ పని చేస్తున్నారు. ఒకే దారిలో నెమ్మదిగా నడుస్తూ, పక్కలకు రెండున్నర మీటర్లు, ముందుకు ఐదు మీటర్లలోపు కనిపించినవే రాసుకుంటారు. మీరూ వానలు తెరిపిచ్చి ఎండ కాసిన రోజు, పొద్దున పది గంటలప్పుడు వెళ్ళండి. ఎప్పుడూ అదే దారి, అదే వేళ. పట్టుకోవద్దు. పేరు తెలియకపోతే రంగు రాయండి, ఏ ఆకు మీద గుడ్డు పెట్టిందో రాయండి. ఈశ్వరి తీగ కనబడితే మాత్రం తుంచకుండా, అది ఎక్కడుందో గుర్తు రాసి నాకు పంపండి.

మీ
తాత