విశాఖ చూడాలంటే రోజంతా కారు మాట్లాడుకోవాల్సిందేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను కూర్చునేది విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో, ఎంక్వైరీ కిటికీ వెనక. రోజుకు పదిసార్లయినా ఈ మాట వింటాను: "బాబూ, బీచ్ వైపు బస్సులు ఉండవట కదా?" ఎవరు చెప్పారంటే, స్టేషన్ బయట ఎవరో అన్నారంటారు. ఆ చెప్పినవాడి చేతిలో కారు తాళం ఉందో లేదో ఎవరూ చూసి ఉండరు!

అపోహ: కారు లేకపోతే విశాఖ చూడలేం.

వాస్తవం: జేబుకు అన్నిటికన్నా పెద్ద చిల్లు పెట్టేది ఈ నమ్మకమే. ఆర్కే బీచ్, మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, భీమిలి అన్నీ ఒకే తీరం వెంట దండలో పూసల్లా ఉన్నాయి. బస్సుకు ఇంతకన్నా అనువైన ఊరు ఉంటుందా? ఆర్కే బీచ్‌కు కాంప్లెక్స్ నుంచి కాసేపట్లో చేరుకోవచ్చు. 900కె నంబరు బస్సు ఎక్కితే రుషికొండ మీదుగా భీమిలి. రుషికొండ దాటాక కుడివైపు కిటికీలో సముద్రమే సముద్రం.

మొన్న వేసవిలో ఓ రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య వచ్చారు. చేతిలో చూడాల్సినవాటి చీటీ. అప్పటికే ఒకాయనతో మూడు వేలకు మాట ఖాయమైపోయిందట. చీటీ తీసుకుని దాని వెనక ఒక గీత గీసి, దాని మీద అన్ని పేర్లూ వరుసగా రాసిచ్చాను. మాస్టారు నమ్మలేదు. అమ్మగారు మాత్రం "వెళ్లి చూద్దాం, పోయేదేముంది" అన్నారు. మర్నాడు రాత్రి బస్సుకు వచ్చినప్పుడు మాస్టారు కళ్లజోడు పెట్టె తెరిచి, మడతలు పెట్టి దాచిన టికెట్లన్నీ కౌంటర్ మీద పరిచి కూడిక చేసి చూపించారు. ఆయన లెక్కల మాస్టారట!

కారు ఎప్పుడూ వద్దనను. మోకాళ్ల నొప్పులున్నవారికి, చంటిపిల్లలతో వచ్చినవారికి అదే సుఖం. తొట్లకొండ దగ్గర బస్సు కిందే దింపుతుంది, పైకి నడవాలి. భీమిలిలో చీకటి పడేదాకా ఉండాలనుకుంటే, దిగేటప్పుడే తిరుగు బస్సు వేళ కండక్టర్‌ను అడగండి. జలాంతర్గామికి సోమవారం సెలవు.

అపోహ: ఆడవాళ్లందరికీ బస్సు ఉచితం.

వాస్తవం: 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం ఆంధ్రప్రదేశ్ మహిళలకు మాత్రమే. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ చెల్లుతుంది గానీ రాష్ట్ర చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. హైదరాబాద్ నుంచి వచ్చిన ఓ అమ్మాయి, కండక్టర్ అందరి ముందూ టికెట్ కొనమన్నాడని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె తప్పేముంది? అందరికీ ఉచితమని ఎవరో ఫోనులో పంపితే నమ్మింది.

అపోహ: మెట్రో రైలు ఎక్కేయొచ్చు.

వాస్తవం: ఇంకా కట్టనేలేదు. కంప్యూటర్‌లో గీసిన బొమ్మలు చూసి వచ్చి స్టేషన్ ఎక్కడని అడుగుతారు!

అపోహ: రైలు ఊరి శివారున ఉన్న దువ్వాడ స్టేషన్‌లో దింపేస్తే చిక్కుకుపోయినట్టే.

వాస్తవం: విశాఖ స్టేషన్‌కు వస్తే ఇంజను రెండో వైపుకు మార్చాలి. అందుకే కొన్ని దూరప్రాంత రైళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడలో ఆగి వెళ్లిపోతాయి. కంగారుపడి బయటికి పరుగెత్తి అడిగినంతా ఇచ్చేయకండి. విశాఖ వెళ్లే రైళ్లు అక్కడ చాలానే ఆగుతాయి. జనరల్ టికెట్ కొనుక్కుని, వచ్చే రైలు ఏ ప్లాట్‌ఫారం మీదకో కనుక్కోండి.