సంస్కృతి అంటని సిద్ధాంతం ఎక్కడుంది? కొన్ని అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఓ రాత్రి పదిన్నరకి ఫోన్ మోగింది. మా దగ్గర బైబిల్ ట్రైనింగ్ చేసి వెళ్లిన అమ్మాయి. వాళ్లింట్లో ప్రభువును నమ్ముకున్నది తనొక్కతే. నాన్న పోయి తొమ్మిది రోజులు. "అయ్యగారూ, ఎల్లుండి పెద్దకర్మ. వెళ్తే విగ్రహారాధనే అని యూట్యూబ్‌లో ఒకాయన చెప్పాడు. అమ్మేమో నువ్వు రాకపోతే నాకెవరున్నారే అంటోంది" అని ఒకటే ఏడుపు.

"వెళ్లమ్మా. అమ్మ పక్కన కూర్చో. పిండం పెట్టమని నిన్నెవరూ అడగరు. భోజనాలప్పుడు వడ్డించు" అన్నాను.

పాతికేళ్లుగా ఇలాంటి ఫోన్లే. ఒకసారి బొట్టు గురించి, ఒకసారి పూల గురించి, ఒకసారి అక్క పెళ్లి గురించి. పాపం, వాళ్లను ఏమీ అనలేను. టెన్షన్ పెట్టేవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: సంస్కృతి కలవని స్వచ్ఛమైన క్రైస్తవ సిద్ధాంతం ఒకటుంది. మన పద్ధతులు తగిలితే అది చెడిపోతుంది.

వాస్తవం: అలాంటిది ఏ రోజూ లేదు. మనం ప్రాణం పెట్టి కాపాడుకునే త్రిత్వ సిద్ధాంతాన్నే, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడు అనేదాన్నే తీసుకోండి. 325లో సంఘ పెద్దలంతా కూడిన నీకయ సభ కుమారుడి గురించి వాడిన "హోమోఊసియోస్", అంటే తండ్రితో ఏకసారం గలవాడు అనే మాట, బైబిల్ మొత్తం గాలించినా దొరకదు. అది గ్రీకు చదువుల్లోంచి వచ్చిన మాట. గొడవ అక్కడితో తీరిందా అంటే లేదు. ఆ ముగ్గురినీ గ్రీకువాళ్లు మూడు "హిపోస్టాసిస్"లు అన్నారు, ఎవరి ఉనికి వాళ్లదే అనే భావంతో. ఆ మాటను ముక్కస్య ముక్కగా లాటిన్‌లోకి దించితే "సబ్‌స్టాన్షియా", అంటే సారం. మూడు సారాలంటే ముగ్గురు దేవుళ్లేగా అని లాటిన్‌వాళ్లు హడలిపోయారు. వాళ్లు "పెర్సోనా" అంటే, అది నాటకంలో ముఖానికి పెట్టుకునే తొడుగు కదా, ఒకడే మూడు వేషాలు కడుతున్నాడా అని గ్రీకువాళ్లకు అనుమానం. 362లో అలెగ్జాండ్రియాలో అక్కడి బిషప్ అథనాసియస్ ఆధ్వర్యంలో జరిగిన సభలో హిపోస్టాసిస్‌లు "మూడు" అనేవాళ్లనూ, "ఒకటే" అనేవాళ్లనూ విడివిడిగా అడిగారు: ఆ మాటతో మీరు చెప్పదలచుకున్నదేమిటి? తీరా చూస్తే ఇద్దరి విశ్వాసమూ ఒకటే.

ఇదంతా పాత కథ అనుకోకండి. నేను బోర్డు మీద "ముగ్గురు వ్యక్తులు" అని రాసిన ప్రతి ఏడూ ఎవడో ఒక కుర్రాడు "ముగ్గురు మనుషులా అయ్యగారూ?" అంటాడు. వాడి తప్పేమీ లేదు. తెలుగులో వ్యక్తి అంటే మనిషే.

చెడిపోవడం మాట అటుంచండి. కొన్నిసార్లు వాక్యం తెరుచుకునేదే సంస్కృతి వల్ల. ఓసారి ప్రకాశం జిల్లాలో ఒక పల్లెలో యోహాను సువార్త నాలుగో అధ్యాయం చెబుతున్నాం, యూదులు దూరం పెట్టిన సమరయ జాతి స్త్రీని యేసు బావి దగ్గర నీళ్లడిగిన కథ. నా వెంట వచ్చిన ఇద్దరు విద్యార్థులు ఆమె ఐదుగురు పెనిమిట్ల గురించీ ఆమె నడత గురించీ అరగంట దంచారు. మిరపకాయలు కోసి వచ్చిన ఓ ముసలమ్మ, చేతుల మంటకి తడిగుడ్డ చుట్టుకుని కూర్చుని వింటోంది. చివర్లో అంది: "అది కాదయ్యా. ఆయన కాడ చేద లేదంట గదా. అంటే ఆమె కుండతోనే తాగాల గదా. మా చిన్నప్పుడు బాయికాడ మాకు దోసిట్లో పోసేవాళ్లు, పైనించి."

అందరం గమ్మున ఉండిపోయాం. తొమ్మిదో వచనంలో యూదులు సమరయులతో "సాంగత్యము చేయరు" అని మన బైబిల్లో ఉంది. అక్కడి గ్రీకు మాటకు "ఒకే పాత్ర వాడరు" అనే అర్థం కూడా ఉందని 20వ శతాబ్దంలో కొందరు పండితులు వాదించారు. ఆ ముసలమ్మకు గ్రీకు రాదు. నేనేమో ఆ అధ్యాయాన్ని అప్పటికే ఎన్నోసార్లు బోధించాను, కుండ సంగతి ఒక్కసారీ తట్టలేదు. 1980ల మొదట్లో బెంగళూరులో అరవింద్ నిర్మల్ లాంటివాళ్లు దళిత థియాలజీ, అంటే దళితుల అనుభవంలోంచి వాక్యాన్ని చదవడం, మొదలుపెడితే "అది రాజకీయం" అని కొట్టిపారేసినవాళ్లు ఆ రోజు మా మధ్య కూర్చుని ఉండాల్సింది.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. అదీ కొత్తదేమీ కాదు. చైనాలో తల్లిదండ్రుల జ్ఞాపకార్థం చేసే ఆచారాలు గౌరవమే అన్నారు జెస్యూట్లనే కాథలిక్ మిషనరీలు, విగ్రహారాధన అన్నారు వేరే మిషనరీలు. 1715లో పోప్ నిషేధించాడు, 1742లో మరో పోప్ ఆ తలుపుకి గడియ వేశాడు. చివరికి 1939లో రోమ్ దాన్ని సడలించింది. మధ్యలో దాదాపు 200 ఏళ్లు. ఆఫ్రికాలో అయితే టాంజానియా నుంచి చార్లెస్ న్యామిటి, ఘనా నుంచి క్వామె బెడియాకో అనే వేదాంతులు ఇంకా ముందుకెళ్లి, క్రీస్తును మన పూర్వీకుడిగా చూడొచ్చా అని అడిగారు. ఆ పోలిక నాకు పూర్తిగా మింగుడుపడదు. కానీ అడగాల్సిన ప్రశ్న అదే. మేం చదువుకున్న లావుపాటి పుస్తకాల్లో చనిపోయిన పెద్దల గురించి అధ్యాయమే లేదు. రాసినవాళ్ల ఇళ్లలో ఆ ప్రశ్న పుట్టలేదు మరి.

అన్నట్టు, అమ్మాయి వెళ్లింది. మర్నాడు మెసేజ్ పెట్టింది: ఎవరూ ఏమీ అనలేదట, సాంబారు మాత్రం మాడిందట.

మిగతావి గబగబా.

అపోహ: క్రైస్తవ్యం ఆసియాకి, ఆఫ్రికాకి తెల్లవాళ్లతో వచ్చింది. అసలు పుట్టిందే ఆసియాలో. 635లోనే అలోపెన్ అనే మిషనరీ చైనా చేరాడని షియాన్‌లో 781 నాటి రాతి శాసనం చెబుతోంది. ఇక ఆఫ్రికా అంటారా, పాత సంఘపు గొప్ప వేదాంతి అగస్టీన్ పుట్టిన ఊరు ఇవాళ్టి అల్జీరియాలో ఉంది.

అపోహ: మన రాగాల్లో పాడితే ఆరాధనలో లోకం కలిసినట్టే. తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు పాడని పాత సంఘం ఉందా? పుస్తకం తెరవండి, కీర్తన పైనే రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. గిటారేమైనా యెరూషలేము నుంచి వచ్చిందా?

అపోహ: అయితే సంస్కృతిలో ఉన్నదంతా మంచిదే. కాదు. కులం కూడా సంస్కృతిలో భాగమే, అది మన మందిరాల్లోకీ వచ్చి కూర్చుంది. ఒకే సంఘానికి రెండు శ్మశానాలున్న ఊళ్లో నేను ఓ పునరుత్థాన పండుగకి ప్రసంగం చేశాను. ఖాళీ సమాధి గురించి నలభై నిమిషాలు మాట్లాడాను. ఆ రెండో గేటు గురించి ఎవరూ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు.