కౌంటరు వెనక 22 సెకన్లు: గొడవ మొదలైంది ఈ వారం కాదు, 2019లో

తిరుపతిలో ఒక బట్టల దుకాణంలో పనిచేసే ఇద్దరు అమ్మాయిలు కౌంటరు వెనక నిలబడి, పాటకు పెదవులు కదుపుతూ తీసుకున్న 22 సెకన్ల వీడియో ఈ వారం ఊళ్ళో చేరని ఫోను లేదు. మొదట పెట్టింది వాళ్ళే. అప్పుడు దాన్ని చూసినవాళ్ళు స్నేహితులు, చుట్టాలు మాత్రమే. రెండు రోజుల తర్వాత ఎవరో దాన్ని దించుకుని, కొనడానికి వచ్చినవాళ్ళు ఎదురుచూస్తుంటే వీళ్ళ పని ఇదీ అన్న అర్థంలో పైన ఒక వాక్యం రాసి మళ్ళీ వదిలారు. ఆ మర్నాటి సాయంత్రానికి ఇద్దరినీ ఇక పనికి రావద్దన్నారు.

వీడియోలో ఎడమ పక్కన షట్టరు సగం దించి ఉంది. అమ్మాయిలు చెబుతున్నదీ ఇదే. దుకాణం కట్టేసే వేళ, రోజంతా విప్పి చూపించిన చీరలన్నీ తిరిగి మడతపెట్టి అరల్లో సర్దాక, క్యాషు లెక్క తేలేదాకా ఆగమంటే ఆ ఖాళీలో తీసుకున్నామంటున్నారు. ఎదురుచూస్తున్న కొనుగోలుదారు ఆ 22 సెకన్లలో ఎక్కడా కనిపించడు. యాజమాన్యం మాట ఇంకో రకంగా ఉంది. దుకాణంలో ఫోను వాడరాదని ముందే చెప్పామని, యూనిఫాం మీద దుకాణం పేరు కనిపిస్తోందని, ఆ పేరు పాడైతే నష్టం తమదేనని అంటోంది. అందులో నిజం లేదని అనలేం. అయితే ఫోను వాడినందుకు మందలింపు సరిపోయేది. ఉద్యోగం పోవడానికి కారణం ఆ కింద వచ్చిన వందల వ్యాఖ్యలు. వ్యాఖ్యలు ఇంత బలం ఎప్పుడు సంపాదించుకున్నాయన్నది ఈ కథలో అసలు ముడి.

2016లో డేటా చవకైన కథ, ఆ వెంటనే పల్లెపల్లెకూ పొట్టి వీడియోలు పాకిన కథ అందరికీ తెలిసినవే. నేరుగా 2019కి వద్దాం.

ఆ ఏడాది ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం టిక్‌టాక్‌ను కొత్తగా దించుకోనివ్వకుండా ఆపింది. మూడు వారాలకే ఆ ఆంక్షను ఎత్తేసింది. అప్పటిదాకా చర్చ అంతా యాప్ మీదే నడిచింది. జూన్, జూలై నెలల్లో అది యాప్‌ను వదిలి మనుషుల మీదికి మళ్ళింది. ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా ఆసుపత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలో నర్సులు వీడియోలు తీసుకున్నారని షోకాజు నోటీసులు ఇచ్చి సెలవుపై పంపారు. గుజరాత్‌లోని మెహసాణా జిల్లాలో పోలీసు స్టేషన్ లాకప్ ముందు నాట్యం చేసిన మహిళా కానిస్టేబుల్‌ను సస్పెండ్ చేశారు. ఖమ్మం నగరపాలక సంస్థలో పని వేళల్లో వీడియోలు చేసిన ఉద్యోగులను వేరే పనులకు మార్చారు. వాళ్ళలో మగవాళ్ళూ ఉన్నారు. మళ్ళీ మళ్ళీ తిరిగినవి మాత్రం అమ్మాయిల ముఖాలే.

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. పసిబిడ్డలు కళ్ళు తెరవలేని గదిలో ఫోను పట్టుకోవడం మీద ఆసుపత్రికి అభ్యంతరం ఉండవలసిందే. లాకప్ ముందు పోలీసులకు యూనిఫాం నియమం ఉంది. ఇక్కడ పట్టించుకోవలసింది శిక్షలు పడిన క్రమాన్ని. వీడియో మొదట జనంలోకి వెళ్ళింది. జనం కోపగించుకున్నారు. ఆ తర్వాతే పైఅధికారి కదిలాడు. ఎవరి పని ఆగింది, ఎంతసేపు ఆగింది, ఫిర్యాదు చేసిన రోగి గానీ అర్జీదారు గానీ ఉన్నారా అన్న ప్రశ్నలు ఆ వేడిలో వినిపించలేదు. వ్యాఖ్య రాస్తే ఉద్యోగం కదులుతుందని చూసేవాళ్ళకు మొదటిసారి అర్థమైంది ఆ రెండు నెలల్లోనే అని నా నమ్మకం. ఆ తర్వాత వచ్చిన ప్రతి గొడవా ఆ పాఠాన్ని అప్పజెప్పిందే.

2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు ఇదీ ఆగిపోతుందనుకున్నారు. కొన్ని రోజులకే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చింది. చేసేవాళ్ళు అక్కడికి మారారు, తిట్టేవాళ్ళూ వెంటే వచ్చారు.

అదే ఏడాది అక్టోబరులో అసోంలోని సిల్చార్ వైద్య కళాశాలలో ఒక యువ వైద్యుడు పీపీఈ కిట్టు వేసుకుని కోవిడ్ రోగుల ముందు సినిమా పాటకు నాట్యం చేశాడు. దేశమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవలసిందే. ఆయన కూడా ఆసుపత్రిలోనే ఉన్నాడు, డ్యూటీ దుస్తుల్లోనే ఉన్నాడు. 2021 ఏప్రిల్‌లో కేరళలోని త్రిస్సూరు వైద్య కళాశాల వరండాలో ఇద్దరు విద్యార్థులు, ఒక అమ్మాయీ ఒక అబ్బాయీ, అర నిమిషం నాట్యం చేస్తే కొందరు వాళ్ళ మతాలు వెతికి దాడికి దిగారు. తోటి విద్యార్థులు అదే పాటకు తామూ ఆడి వీడియోలు పెట్టి వాళ్ళకు అండగా నిలిచారు. పక్కన నిలబడే మనుషులుంటే తుపాను ఎలా చల్లబడుతుందో అక్కడ తెలిసింది. బట్టల దుకాణంలో నెల జీతానికి పనిచేసే అమ్మాయికి అలాంటి విద్యార్థి సంఘం ఎక్కడిది?

తిరుపతికి వచ్చేసరికి ఈ కోపానికి ఇంకో పొర తోడవుతుంది. ఈ వీడియో కింద ఎక్కువసార్లు కనిపించిన మాట, పుణ్యక్షేత్రంలో ఇదేమిటని. తిరుమల ఆలయంలోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు. ఆలయం ముందు, మాడవీధుల్లో రీల్స్ చేసేవారిపై చర్యలు తప్పవని 2025 జూలైలో తిరుమల తిరుపతి దేవస్థానం ప్రకటించింది. దర్శనానికి గంటల తరబడి నిలబడ్డ భక్తుడికి ఎదురుగా ఎవరో కెమెరా పెట్టుకుని గంతులేస్తే బాధ కలుగుతుంది. ఆ నియమానికి అర్థం ఉంది. కానీ అది కొండ మీది నియమం. కొండ కింద ఉన్నది లక్షల మంది బతికే ఊరు. ఇక్కడ ఆసుపత్రులున్నాయి, 1983 నుంచి ఒక మహిళా విశ్వవిద్యాలయం ఉంది, రాత్రి దాకా వెలిగే దుకాణాల వీధులున్నాయి. గోవిందరాజస్వామి గుడి నుంచి నాలుగు అడుగులు వేస్తే గాంధీ రోడ్డు అంగళ్ళు మొదలవుతాయి. మాడవీధికి పెట్టిన కట్టుబాటును సగం దించిన షట్టరు వెనకకు తెస్తే, ఈ ఊళ్ళో ఉద్యోగం చేసే ఆడపిల్ల నవ్వడానికి చోటు ఎక్కడ మిగులుతుంది?

శ్రీసిటీ పారిశ్రామిక వాడలో 2015లో మొబైల్ ఫోన్ల తయారీ మొదలయ్యాక సత్యవేడు, వరదయ్యపాళెం చుట్టుపక్కల పల్లెల నుంచి వేలాది మంది అమ్మాయిలు కంపెనీ బస్సు ఎక్కారు. తిరుపతి దుకాణాలకు, ఆసుపత్రులకు, హోటళ్ళ రిసెప్షన్లకు చంద్రగిరి, పాకాల, పుత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు వేరు. వీళ్ళలో చాలామంది తమ ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి ఆడవాళ్ళు. మహిళలు వారి సమ్మతితో రాత్రి వేళల్లోనూ పనిచేసేలా 2025లో రాష్ట్ర ప్రభుత్వం నిబంధనలు సడలించింది. ఆ సమ్మతి వెనక ఇంట్లో ఎంత వాదన నడుస్తుందో తెలిసినవాళ్ళకు వీడియో అంటే భయం ఎందుకో అర్థమవుతుంది. కుర్రవాడి వీడియో గొడవైతే అతను ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాడు. అమ్మాయి వీడియో ఊరికి చేరితే ముందు తండ్రినో అన్ననో నలుగురూ అడుగుతారు, ఆ తర్వాత బస్సు ఎక్కడమే ఆగిపోతుంది. ఈ ఇద్దరిలో ఒకమ్మాయికి ఇంటి నుంచి ఫోను దుకాణం మేనేజరు పిలుపు కన్నా ముందే వచ్చింది.

నిలబడటం సంగతి కూడా ఈ కథలో ఉంది. దుకాణాల్లో సేల్స్ అమ్మాయిలు కూర్చుని కనిపించినా అదొక వీడియో అవుతుంది, బద్ధకమన్న ముద్రతో. కేరళలో మహిళలు పోరాడితే 2018లో దుకాణాల చట్టంలో కూర్చునే హక్కు చేరింది. తమిళనాడు 2021లో అదే దారి పట్టింది. చిత్తూరు నుంచి గంట దూరంలో ఉన్న వేలూరులో చీరల కౌంటరు వెనక పీట వేయడం యజమాని బాధ్యత. రోజంతా కాళ్ళ మీద నిలబడ్డ మనిషి 22 సెకన్లు నవ్వుకోవడం మీద ఇంత కోపం వచ్చిన ఊళ్ళో, ఆ నిలబడటం మీద ఎవరికీ కోపం రాలేదు.

ఇక ఇప్పటి వివాదం. ప్రభుత్వోద్యోగికైతే ప్రవర్తనా నియమాలున్నాయి, అభియోగాలు రాతపూర్వకంగా ఇచ్చి వివరణ అడగాలి. సస్పెన్షన్ దానంతటది శిక్ష కాదు. దుకాణంలో పనిచేసేవాళ్ళకు ఏ రక్షణా లేదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలకు తక్కువ కాకుండా వరసగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల రోజుల నోటీసు గానీ దానికి బదులు జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదు. దుష్ప్రవర్తన కారణమని చెబితే విచారణ జరిపి సాక్ష్యం నమోదు చేయాలి. ఈ ఇద్దరిలో ఒకరిది రెండో ఏడాది, ఇంకొకరిది ఎనిమిదో నెల. విచారణ ఏదని అడిగితే యాజమాన్యం చూపిస్తున్నది వీడియోనే.

తమ వీడియోను అమ్మాయిలు అదే రాత్రి తీసేశారు. దించుకుని తిప్పినవి అలాగే ఉన్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తన సమాచారాన్ని తొలగించమని అడిగే హక్కును మనిషికి ఇచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. వాటిలో ముఖ్యమైనవి అమలు కావడానికి 18 నెలల గడువు పెట్టారు.