స్టెప్నీ కిందే ఉంది, కానీ దిగదు: క్యాంపర్ ప్రయాణాల మీద అపోహలు - వాస్తవాలు

రాత్రి తొమ్మిది దాటాక నా ఫోను మోగితే మా ఆవిడకు అర్థమైపోతుంది, ఎవరో ఎక్కడో రోడ్డు పక్కన నిలబడ్డారని. విజయవాడ ఆటోనగర్‌లో పదిహేనేళ్లు లారీల వైరింగు, బాడీ పని చేశాను. గత ఐదారేళ్లుగా వ్యాన్లను క్యాంపర్లుగా మారుస్తున్నాను. లోపల మంచం, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు, పైన సోలార్ పలకలు. ఫోన్ చేసేవాళ్లంతా ముందు అనే మాట ఒకటే: "మేస్త్రీ, బండి కొత్తదే కదా, ఎందుకు ఆగింది?"

అపోహ: ఇంజిన్ బాగుంటే బండి దారిలో ఆగదు.

నాకొచ్చే ఫోన్లలో ఇంజిన్ పాడైందని వచ్చేవి చాలా తక్కువ. కంపెనీ వాళ్లు బిగించింది సాధారణంగా ఊడదు. ఆగేది మనం తర్వాత బిగించిన వాటి వల్ల: సరిగ్గా నొక్కని వైరు కొస, తుప్పు పట్టిన ఎర్త్, అతుకు దగ్గర కారే నీళ్ల గొట్టం, గతుకుల్లో ఊడిపోయే అల్మారా తలుపు. ఇంట్లో ఫర్నిచర్ కదలకుండా నిలబడి ఉంటుంది. క్యాంపర్‌లో ఉన్నది రోజుకు ఎనిమిది గంటలు అదురుతూనే ఉంటుంది. అందుకే వడ్రంగి చేసే పనికీ మేం చేసే పనికీ చాలా తేడా.

ఇదంతా బాగా తెలిసినవాణ్నే నేను. అయినా నా సొంత బండి తీసుకుని మొదటిసారి అరకు బయల్దేరినప్పుడు నాలుగు రోజుల్లో మూడుసార్లు ఆగాను.

అపోహ: టైరు మీద గాట్లు లోతుగా ఉంటే టైరు బాగున్నట్టే.

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. అన్నవరం దాటి తుని వైపు వెళ్తుంటే వెనక ఎడమ టైరు పేలింది. గాట్లు చూస్తే కొత్త టైరులాగే ఉంది. పక్కకు ఆపి చూస్తే టైరు గోడ చీరిపోయి ఉంది.

టైరు గోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని అర్థం. టాక్సీ టైరు ముందు అరుగుతుంది. క్యాంపర్ టైరుకు అరిగే అవకాశమే ఉండదు, ఎండలో నిలబడి ముదురుతుంది. ఏడాదికి నాలుగు ప్రయాణాలు చేసే బండికి గాట్ల కంటే ఆ నాలుగు అంకెలు ముఖ్యం. ఐదారేళ్లు దాటితే నేనైతే మార్చేస్తాను.

వయసుతో పాటు బరువు కూడా చూడాలి. టైరు మీద సైజు పక్కనే ఇంకో అంకె ఉంటుంది. 104 అంటే ఆ టైరు మోయగలిగింది 900 కిలోలు, 107 అంటే 975. దాని గురించి ఎవరూ అడగరు. ఇప్పుడు లోపల ఏం పెట్టామో లెక్క వేయండి. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. 19 ఎం.ఎం. ప్లైవుడ్ షీటు ఒక్కోటి ముప్పై కిలోల పైనే. రెండు పెద్ద ట్యూబులర్ బ్యాటరీలు కలిపితే మరో వంద కిలోలు. వీటికి తోడు మనుషులు, బట్టలు, బియ్యం, పిల్లల సైకిలు. నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే ట్యాంకు, వంటగట్టు, బ్యాటరీలు మూడూ ఎడమ పక్కే పెట్టడం. గొట్టాలూ వైర్లూ పొట్టిగా ఉంటాయని!

మర్నాడు పొద్దున్న తునిలో కాటా ఎక్కించాను. ముందు బండి మొత్తం, తర్వాత వెనక చక్రాలు మాత్రమే, ఆ తర్వాత ఎడమ పక్క చక్రాలు మాత్రమే. ఆర్సీలో రాసి ఉన్న మొత్తం బరువు కంటే 280 కిలోలు ఎక్కువ, అందులో చాలా భాగం ఎడమ వెనక చక్రం మీదే. అది పేలకపోతేనే ఆశ్చర్యం. లారీల వాళ్లు తూచే కాటాలు ప్రతి ఊరి శివార్లలోనూ ఉంటాయి, పెద్ద ఖర్చూ కాదు. ఇప్పుడు నా దగ్గర తయారైన ఏ బండీ కాటా ఎక్కకుండా గేటు దాటదు.

ఇక స్టెప్నీ సంగతి. ఈ వ్యాన్లలో స్టెప్నీ వెనక అడుగున గొలుసుకు వేలాడుతుంది. వాడిన నీళ్లు పట్టే ట్యాంకును నేను దానికి సరిగ్గా కిందే బిగించాను. గొలుసు వదులు చేస్తే స్టెప్నీ ఆ ట్యాంకు మీద కూర్చుంటోంది తప్ప కిందికి దిగడం లేదు. దాబా దగ్గర ఆగిన ఒక పెద్దాయన, లారీ డ్రైవరు, వంగి చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"ఏరా అబ్బాయ్, ఎవడు కట్టాడురా ఈ బండి?"

"నేనే బాబాయ్."

ఆయన ఇంకేమీ అనకుండా తన పెట్టెలోంచి పానాలు తెచ్చి ఇచ్చాడు. ట్యాంకు ఊడదీసి చక్రం మార్చేసరికి పొద్దు గూకింది. మీ బండి ఎవరు కట్టినా సరే, ఇంటి ముందే ఒకసారి జాకీ పెట్టి, స్టెప్నీ దించి, చక్రం మార్చి చూడండి.

అపోహ: ఎండాకాలం టైర్లలో గాలి కొంచెం తగ్గించాలి.

ఇది మన దగ్గర పాతుకుపోయిన నమ్మకం. గాలి తగ్గితే టైరు గోడ ఎక్కువ వంగుతుంది, వంగిన కొద్దీ లోపల వేడి పుడుతుంది. పేలేది ఆ వేడికే. పొద్దున్నే, బండి కదలకముందు, డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో పూర్తి లోడుకు రాసిన లెక్క ప్రకారం గాలి పట్టించండి. వంద కిలోమీటర్లు నడిచాక గేజి పెడితే అంకె ఎక్కువే చూపిస్తుంది, అది మామూలే. అప్పుడు మాత్రం గాలి తీయకండి.

అపోహ: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుంది.

ఇప్పటి డీజిల్ బళ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇంజెక్టర్లు ఇంధనం ఆపేస్తాయి. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ కాలుతూనే ఉంటుంది. అంటే మిగులు ఏమీ లేదు. పైగా బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది.

ఇది నాకు తెలుసు. నేను న్యూట్రల్ చేయలేదు. అయినా అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగుతుంటే సగం దారిలో కాలిన వాసన వచ్చింది, పెడల్ మెత్తబడింది. మూడో గేరులో దిగుతున్నాను, అంత బరువుకు రెండో గేరు పడాల్సింది. ఇంకో తప్పు కూడా ఉంది. లైనర్లు మార్చాను గానీ బ్రేక్ ఆయిల్ మార్చలేదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు వస్తాయి. కాలు ఆ బుడగలను నొక్కుతుంది తప్ప బ్రేకును కాదు.

కాఫీ తోటల పక్కన చదునైన చోటు చూసి ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి ముప్పావు గంట కూర్చున్నాం. పిల్లలకు పిక్నిక్కులా ఉంది. మా ఆవిడ మాత్రం నాతో మాట్లాడలేదు. మా బావమరిది బకెట్‌తో నీళ్లు తెచ్చి చక్రం మీద పోయబోతే గట్టిగా అరిచాను. ఎర్రగా కాగిన డ్రమ్ము మీద చల్లనీళ్లు పడితే పగులుతుంది. దానంతట అది చల్లారాలి. రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చండి, బండి తిరిగినా తిరగకపోయినా.

అపోహ: రేడియేటర్‌కు కుళాయి నీళ్లు చాలు.

కుళాయి నీళ్లతో లోపల సున్నం పేరుకుంటుంది, తుప్పు పడుతుంది. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం పోసి మూత బిగిస్తే ఆ ఒత్తిడికి 120 డిగ్రీలు దాటితే గానీ మరగదు. అందుకే వేడెక్కిన బండి మూత తీయకూడదు. తీసిన క్షణంలో ఒత్తిడి పోయి, లోపలున్నదంతా ఆవిరై మొహం మీదికి వస్తుంది. ముల్లు ఎర్రగీత వైపు వెళ్తుంటే ఏసీ కట్టేసి హీటర్ పూర్తిగా పెట్టండి. చెమటలు పడతాయి గానీ, ఆపే చోటు దొరికేదాకా ఇంజిన్ వేడి కొంత అటు పోతుంది.

అపోహ: పన్నెండు వోల్టులే కదా, ఇంటి వైరు సరిపోతుంది.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. షాకు కొట్టదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. 1200 వాట్ల ఇండక్షన్ పొయ్యి ఇంట్లో 230 వోల్టుల మీద ఐదు ఆంపియర్లు లాగుతుంది. అదే పొయ్యి ఇన్వర్టర్ ద్వారా 12 వోల్టుల బ్యాటరీ నుంచి వంద ఆంపియర్ల పైన లాగుతుంది. వైరును కాల్చేది ఆంపియర్లే. బ్యాటరీకీ ఇన్వర్టర్‌కూ మధ్య బొటనవేలంత లావు కేబుల్ కావాలి, వీలైనంత పొట్టిగా ఉండాలి. బ్యాటరీ పక్కనే, ఒక జానెడు దూరంలో ఫ్యూజ్ ఉండాలి. ఫ్యూజ్ ఇన్వర్టర్ దగ్గర పెడితే, దానికీ బ్యాటరీకీ మధ్య వైరు రేకుకు రాసుకున్నప్పుడు ఆపేవాడు ఉండడు. అరకులో మొదటి రాత్రే మా ఫ్రిజ్ ఆగిపోయింది. కారణం సన్నటి వైరు. బ్యాటరీ దగ్గర 12.4 చూపిస్తుంటే ఫ్రిజ్ దగ్గరికి 11 కూడా రావట్లేదు.

అపోహ: పైన సోలార్ ఉంటే రాత్రంతా ఏసీ.

వంద ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది 1.28 యూనిట్లు. టన్ను ఏసీ కంప్రెసర్ నడుస్తున్నంతసేపూ గంటకు సుమారు ఒక యూనిట్ తింటుంది, ఇన్వర్టర్ వాటా వేరే. అంటే ఆగకుండా నడిస్తే గంటే. పైన 400 వాట్ల పలకలు పడుకోబెట్టి ఉంటే మంచి ఎండ రోజున ఒకటిన్నర యూనిట్లు వస్తే సంతోషించాలి. వేడికి పలకల ఉత్పత్తి కూడా తగ్గుతుంది. మన మే నెలలో రేకు మీద పెట్టిన పలక సంగతి చెప్పక్కర్లేదు. ముప్పై వాట్ల డీసీ ఫ్యాను అయితే అదే బ్యాటరీ మీద నలభై గంటలు తిరుగుతుంది. ఏసీ కావాలంటే కరెంటు పాయింటు ఉన్న చోట ఆగాలి.

లిథియం బ్యాటరీని నేరుగా డైనమోకు కలిపేవాళ్లు కూడా ఉన్నారు. అది ఆకలి మీదున్న బ్యాటరీ, ఎంత ఇస్తే అంత లాగుతుంది, డైనమో కాలిపోతుంది. మధ్యలో డీసీ-డీసీ చార్జర్ తప్పనిసరి.

అపోహ: చల్లదనం కోసం ఇంజిన్ ఆన్ చేసి పడుకుంటే సరి.

ఏసీ లెక్క చెప్పగానే కస్టమర్లు చెప్పే ఉపాయం ఇదే. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బళ్ల పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలాలంటే పొగ బాగా వేడెక్కాలి, అంటే బండి హైవే మీద పరుగెత్తాలి. గంటలకొద్దీ నిలబెట్టి నడిపితే ఫిల్టర్ పూడుకుపోయి, డ్యాష్‌బోర్డులో దీపం వెలిగి, ఇంజిన్ బలం తగ్గిపోతుంది. పైగా నిద్రలో పొగ లోపలికి వస్తే తెలియదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

గ్యాసు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కిటికీ తెరిచి ఉంటే లీకైన గ్యాసు పోతుందనుకుంటారు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, కింద చేరుతుంది. సిలిండర్ పెట్టిన గూడు అడుగున బయటికి రంధ్రం ఉండాలి.

అపోహ: ఇక్కడ బాగా నడిచిన బండి లడఖ్‌లోనూ అలాగే నడుస్తుంది.

హైదరాబాద్ కుర్రాడొకడు నవంబరులో వెళ్లి ఫోన్ చేశాడు. "అన్నా, ఎండ బాగానే ఉంది, బ్యాటరీ మాత్రం ఎక్కట్లేదు." లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు. లోపలి బోర్డు ఆపేస్తుంది, ఆపడం మంచిదే. చాలా బీఎస్6 డీజిల్ బళ్లలో పొగను శుభ్రం చేయడానికి పోసే డెఫ్ ద్రవం మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. మామూలు డీజిల్ కూడా చిక్కబడుతుంది. అందుకే ఇండియన్ ఆయిల్ 2019లో లడఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే చలికాలపు డీజిల్ తెచ్చింది. ఇక్కడ నింపిన ట్యాంకుతో అక్కడ గడపొచ్చనుకోకండి.

అపోహ: సొంత బండి, లోపల ఏం చేసుకున్నా మన ఇష్టం.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అలా ఒప్పుకోదు. తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్నవాటికి విరుద్ధంగా మార్పులు చేయకూడదని సుప్రీం కోర్టు కూడా 2019 జనవరిలో చెప్పింది. సీట్లు పీకేసి మంచం వేయడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ ఆర్సీలో సీట్ల సంఖ్య ఉంటుంది కదా. రవాణా శాఖ రికార్డుల్లో మోటార్ కారవాన్ అనే వర్గం వేరుగా ఉంది. పని మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకుండా చేయించుకుని, ప్రమాదం జరిగాక క్లెయిము కోసం తిరిగినవాళ్లను చూశాను.

అపోహ: జాతీయ రహదారి మీద ఆగితే దిక్కు లేదు.

1033కు ఫోన్ చేయండి. జాతీయ రహదారుల సాయం నంబరు అది, ఎప్పుడైనా పలుకుతుంది. ఆగిన చోటు చెప్పడానికి రోడ్డు పక్కన రాయి మీద కిలోమీటరు అంకె చూసి పెట్టుకోండి. ఆ తర్వాత నాకు చేయండి. చేసేముందు ఫ్యూజ్ బాక్సు ఫోటో ఒకటి పంపండి, సగం సార్లు సమాధానం అందులోనే దొరుకుతుంది. ఫ్యూజులు, రిలేలు, ఒక ఫ్యాన్ బెల్టు, రెండు హోస్ క్లాంపులు, ఒక డీజిల్ ఫిల్టరు బండిలో ఉంటే మిగతా సగం కూడా ఫోన్లోనే చెప్పగలను. స్టెప్నీ దిగుతుందో లేదో మాత్రం నన్ను అడక్కండి.