వీధి కెమెరా గురించి పిల్లలకు ఉత్తరం

చిన్నారులకు ఆశీస్సులు.

కెమెరా ఉంటే దొంగలు రారు కదా అని అడిగారు. కొంతవరకే. నలభై ఏళ్ల పరిశోధనలను కలిపి చూసి 2019లో వెలువరించిన సమీక్షలో, కెమెరాలు పెట్టిన చోట నేరాలు సగటున 13 శాతం తగ్గాయని తేలింది. బాగా తగ్గింది పార్కింగ్ స్థలాల్లో. కొట్లాటలు, దాడుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. కారు అద్దం పగలగొట్టేవాడు ముందూ వెనకా చూసుకుంటాడు, కోపంతో ఊగిపోయేవాడు చూసుకోడు కదా! తెర ముందు మనిషి కూర్చుని గమనిస్తున్న చోట ఫలితం ఎక్కువ. అలాంటి మనిషి లేని చోట కెమెరా పని నేరం జరిగాకే మొదలవుతుంది.

అప్పుడైనా మొహం కనబడాలిగా? కొత్త మనిషి మొహాన్ని పోల్చుకోవాలంటే మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చిన్న గళ్లు, పడాలని 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం చెప్పింది. తెలిసిన మనిషైతే 125 చాలు. ఎవరో ఉన్నారని తెలియడానికి 25 సరిపోతాయి. ఫుల్ హెచ్‌డీ బొమ్మకు అడ్డంగా 1920 పిక్సెళ్లు ఉంటాయి. 250తో భాగించి చూడండి, 7.68 మీటర్లు. కెమెరాలో పడే చోటు వెడల్పు అంతకు మించితే మొహాలు నమ్మకంగా తేలవు. 40 మీటర్ల కూడలి మొత్తాన్ని ఒక్క కెమెరాలో ఇరికిస్తే మీటరుకు 48 పిక్సెళ్లే. మొహం వెడల్పు సుమారు 16 సెంటీమీటర్లు కాబట్టి దాని వాటాకు ఏడెనిమిది. తర్వాత ఎంత పెద్దది చేసినా గళ్లు పెద్దవవుతాయే గానీ ముక్కూ కళ్లూ రావు.

రాత్రి ఇంకో చిక్కు. వెలుతురు చాలక కెమెరా ఒక్కో బొమ్మకు సెకనులో 30వ వంతు సేపు కన్ను తెరిచి ఉంచితే, సెకనుకు 5 మీటర్లు పరుగెత్తేవాడు ఆలోపే 17 సెంటీమీటర్లు జరిగిపోతాడు. అంటే మొహమంత దూరం! మిగిలేది మసక. మరీ ఎత్తున బిగిస్తే టోపీలే కనబడతాయి. లెన్సు ముందు సాలెగూడు అల్లుకుంటే కెమెరా సొంత దీపం దాని మీద పడి తెర తెల్లబడుతుంది. నెలకోసారి తుడవడం, కెమెరా గడియారం సరిచూడటం చిన్న పనుల్లా అనిపిస్తాయి గానీ చాలాచోట్ల పాడయ్యేది ఇక్కడే.

ఇప్పుడు నన్ను ఎక్కువ కలవరపెట్టే సంగతి. మీరు వీధి దాటిన ఒక్క బొమ్మతో ఎవరికీ ఏమీ తెలియదు. రోజూ ఎన్నింటికి వెళ్తారు, ఎవరితో, ఏ ఆసుపత్రి మెట్లెక్కారు, ఇవన్నీ నెలల తరబడి పోగైతే అది మీ జీవితం. అందుకే ఎదుటింటి కిటికీ కెమెరాలో పడుతుంటే ఆ భాగాన్ని నల్లగా కప్పేయాలి. ఆ ఏర్పాటు చాలా కెమెరాల సెట్టింగుల్లోనే ఉంటుంది. రికార్డింగు చూసే ప్రతి ఒక్కరికీ వేరే లాగిన్ ఇచ్చి, ఎవరు ఎప్పుడు చూశారో నమోదు చేయాలి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మొదటి రోజే మార్చాలి. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్, అలా మార్చకుండా వదిలేసిన కెమెరాలూ రికార్డర్లూ లక్షల్లో చేజిక్కించుకుంది.

మొహాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేరు ఉంటే ఇంకా జాగ్రత్త. వెయ్యికి ఒక్కసారే పొరబడుతుందనుకుందాం. లక్షమంది నడిచే చోట వంద మంది అమాయకులను అది అనుమానితులంటుంది. వెతుకుతున్నది మాత్రం ఒక్కడినే. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం తన శాఖలేవీ దాన్ని వాడకూడదని 2019లోనే నిషేధించింది.

రికార్డింగు ఎన్నాళ్లుంటుందో కూడా తెలుసుకోండి. సెకనుకు 4 మెగాబిట్లు రాసే కెమెరా రోజుకు 43 గిగాబైట్లు నింపుతుంది, 30 రోజులకు దాదాపు 1.3 టెరాబైట్లు. డిస్కు నిండగానే పాతదాని మీద కొత్తది పడుతుంది. మన బతుకులు ఎవరి దగ్గరా పేరుకుపోకుండా ఉండటానికి ఈ చెరిపివేత మంచిదే. కానీ మీ సైకిలు పోతే ఆలస్యం చేయకండి. ఫోనులో చూసి సమయం, ఏ స్తంభం మీది కెమెరా, అది ఎటు చూస్తోంది అనేవి రాసుకుని, ఆ రోజే పెద్దవాళ్లతో ఫిర్యాదు ఇప్పించి, ఆ గంట రికార్డింగును విడిగా దాచిపెట్టమని అడగండి.

మీ తాతయ్య