“సేవ్ చేశాను కదా సార్!” – గ్రిడ్ సిమ్యులేషన్ ఫైళ్లపై అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో విద్యుత్ రంగం మనుషులకు కొదవ లేదు. దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఊళ్లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, చుట్టూ ఇంజినీరింగ్ కళాశాలలు ఉన్నాయి. వీటికి తోడు గ్రిడ్ నమూనాను కంప్యూటర్‌లో కట్టి లోడ్ ఫ్లో (ఏ లైనులో ఎంత పవర్ పోతుంది), షార్ట్ సర్క్యూట్, స్టెబిలిటీ (కుదుపు తర్వాత గ్రిడ్ నిలబడుతుందా) అధ్యయనాలు చేసిపెట్టే మాలాంటి వాళ్లం కొందరం. మా అందరి మధ్యా రోజూ తిరిగేవి ఫైళ్లే. లోడ్ ఫ్లో లెక్కకు వాడే న్యూటన్-రాఫ్సన్ పద్ధతిని బోర్డు మీద తడుముకోకుండా రాసేవాళ్లు కూడా “నా దగ్గర వచ్చిన జవాబు మీ దగ్గర ఎందుకు రావడం లేదు?” అన్న చోట ఆగిపోతారు. అప్పుడు అందరూ ఇంపిడెన్సులు (కరెంటుకు లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఇచ్చే అడ్డు) వెతుకుతారు. చాలాసార్లు దోషం అక్కడ ఉండదు.

తెర మీద కనిపించే ప్రతి అంకె వెనుక ఏదో ఒక నివాసం ఉంటుంది. కొన్ని కేసు ఫైలులో (అధ్యయనం చేసే గ్రిడ్ వివరాలున్న ప్రధాన ఫైలులో) ఉంటాయి, కొన్ని దాని పక్క ఫైళ్లలో, కొన్ని మీ కంప్యూటర్ సెట్టింగుల్లో. కొన్ని మెమరీలో మాత్రమే ఉండి, ప్రోగ్రాం మూయగానే పోతాయి. ఏది ఎక్కడ ఉంటుందో తెలియకపోవడం వల్లే కింది అపోహలన్నీ పుడుతున్నాయి.

అపోహ: సేవ్ చేస్తే పని మొత్తం భద్రం.

సేవ్ బటన్ ఒకటే కనిపిస్తుంది కాబట్టి ఫైలు కూడా ఒకటే అనుకుంటారు. పీఎస్ఎస్‌ఈ అనేది పెద్ద గ్రిడ్ల లెక్కలు చేసే ప్రోగ్రాం. పీఎస్ఎస్‌ఈలో సావ్ ఫైలు దాచేది నెట్‌వర్క్ కేసును మాత్రమే. సింగిల్ లైన్ బొమ్మ వేరే ఫైలు. జనరేటర్ల, గవర్నర్ల, ఎక్సైటర్ల డైనమిక్ వివరాలు (కుదుపు వస్తే ఎలా స్పందిస్తాయన్నవి) డివైఆర్‌లో ఉంటాయి. డైనమిక్ రన్‌కు సిద్ధం చేసుకున్న స్థితి స్నాప్‌షాట్‌లో ఉంటుంది, ఆ స్నాప్‌షాట్‌లో నెట్‌వర్క్ ఉండదు. అంటే స్నాప్‌షాట్ ఒక్కటే పంపితే అవతలివాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. దానికి జతగా తీసిన సావ్ ఫైలే కావాలి, పేరు దగ్గరగా ఉన్న మరొకటి పనికిరాదు.

సోలార్ ప్లాంటు ఇన్వర్టర్ తయారీదారు సొంత మోడల్ ఇస్తే దానికి డీఎల్ఎల్ ఫైలు (ఆ మోడల్ కోడ్ ఉండేది) కూడా ఉంటుంది. అది లేకుండా డివైఆర్ ఎన్నిసార్లు చదివించినా ఆ మోడల్ నడవదు. 32 బిట్ల ప్రోగ్రాంకు కట్టిన డీఎల్ఎల్‌ను 64 బిట్ల ప్రోగ్రాం తీసుకోదు. ప్రోగ్రాం వెర్షన్ మార్చుకున్న చోట ఈ సంగతి మొదటి రోజే బయటపడుతుంది.

మిగతా ప్రోగ్రాములూ ఇంతే. పవర్‌వరల్డ్‌లో కేసు ఒక ఫైలు, బొమ్మ మరో ఫైలు. బొమ్మ పంపడం మరచిపోతే అవతల పట్టికలు మాత్రమే తెరుచుకుంటాయి. ఈట్యాప్‌లో ప్రాజెక్టు ఫైలు పక్కన డేటాబేస్ ఉంటుంది. ప్రాజెక్టు ఫైలు ఒక్కటే వాట్సాప్‌లో పంపడమంటే, పెట్టె ఇంట్లోనే ఉంచుకుని తాళంచెవి కొరియర్ చేయడమే.

విద్యార్థుల దగ్గర ఎక్కువగా చూసేది సిమ్యులింక్ (మ్యాట్‌ల్యాబ్‌తో నడిచే నమూనాల ప్రోగ్రాం) గొడవ. మోడల్ తెరుచుకుంటుంది, రన్ చేయగానే ఎర్రటి సందేశాలు వరుస కడతాయి. కారణం చిన్నది. లైను నిరోధం, ఇండక్టెన్స్ విలువలను చలరాశులుగా పెట్టి, వాటిని బేస్ వర్క్‌స్పేస్‌లో ఉంచారు. బేస్ వర్క్‌స్పేస్ మోడల్ ఫైలులోకి రాదు, ఆ కంప్యూటర్ మెమరీలోనే ఉంటుంది. మోడల్ వర్క్‌స్పేస్‌లో పెట్టినా, విలువలను ఒక స్క్రిప్టులో రాసి మోడల్ తెరుచుకునేటప్పుడు అది నడిచేలా చేసినా ఈ తలనొప్పి ఉండదు. ప్రాజెక్టు వైవా రోజున కళాశాల ల్యాబ్ కంప్యూటర్‌లో ఈ విషయం తెలుసుకోవడం ఎవరికీ మంచిది కాదు.

అపోహ: ఫైలు ఒకటే అయితే ఎక్కడ తెరిచినా జవాబు ఒకటే.

అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయింది ఇదే. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పీఎస్ఎస్‌ఈ రా ఫైలు (కేసును టెక్స్ట్‌గా రాసినది) మొదటి వరుసలో ఆరు విలువలు ఉంటాయి. కొత్త కేసా, ఉన్నదానికి కలపాలా అన్న సూచన, ఎంవీఏ బేస్, ఫైలు వెర్షన్, ట్రాన్స్‌ఫార్మర్ రేటింగుల ప్రమాణం, మిగతా శాఖల (లైన్ల వంటివాటి) రేటింగుల ప్రమాణం, బేస్ ఫ్రీక్వెన్సీ. చివరి మూడింటిని ఖాళీగా వదిలేస్తే ప్రోగ్రాం ఊరుకోదు, ఆ కంప్యూటర్‌లో అప్పటికి ఉన్న సెట్టింగును తీసుకుంటుంది. ఫైలు మారలేదు, మనిషి మారలేదు, కంప్యూటర్ మారింది. అంతే, లెక్క మారుతుంది.

రేటింగుల సంగతి చూడండి. ఆ ప్రమాణం ఎంవీఏ (పవర్ కొలత) కావచ్చు, కరెంటు కావచ్చు. 100 ఎంవీఏ రేటింగ్ ఉన్న శాఖలో 96 ఎంవీఏ పోతోంది, అక్కడ వోల్టేజీ 0.95 పర్ యూనిట్, అంటే ఉండాల్సిన దానిలో 95 శాతం. ఎంవీఏ లెక్కన లోడింగ్ 96 శాతం. కరెంటు లెక్కన 96ను 0.95తో భాగిస్తే 101 శాతం. ఒక కంప్యూటర్‌లో నివేదిక శుభ్రంగా వస్తుంది, పక్క బల్ల మీది కంప్యూటర్‌లో ఓవర్‌లోడ్ కనిపిస్తుంది. రెండూ నిజమే. వోల్టేజీ 1.0 దగ్గర ఉన్నంతకాలం ఈ తేడా నిద్రపోతుంది. వేసవిలో బోరుబావుల మోటార్లన్నీ నడుస్తూ, పొడవైన లైన్ల చివర వోల్టేజీ కుంగే మన పడమటి మండలాల లాంటి చోట మేలుకుంటుంది.

ఫ్రీక్వెన్సీ ఇంకా మోసకారి. మనది 50 హెర్ట్జ్ దేశం, ప్రోగ్రాములు చాలావరకు 60 హెర్ట్జ్ దేశంలో పుట్టినవి. బేస్ 60 అని పడినా లోడ్ ఫ్లో ఏమీ చెప్పదు. పర్ యూనిట్ ఇంపిడెన్సులు అవే కాబట్టి జవాబూ అదే వస్తుంది. డైనమిక్స్‌లో మాత్రం జనరేటర్ రోటర్ కదలికను లెక్కించే స్వింగ్ సమీకరణంలో ఆ ఫ్రీక్వెన్సీ నేరుగా కూర్చుని ఉంటుంది. 50 బదులు 60 పడితే రోటర్ కోణం ఊగే వేగం 1.2 వర్గమూలం మేరకు, అంటే దాదాపు 10 శాతం పెరుగుతుంది. క్రిటికల్ క్లియరింగ్ టైమ్ (స్టెబిలిటీ పోకుండా ఫాల్ట్‌ను తొలగించడానికి ఉన్న గరిష్ఠ సమయం) దాదాపు 9 శాతం తగ్గి కనిపిస్తుంది. తప్పు జవాబు కూడా చూడటానికి సహజంగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఓపెన్‌డీఎస్ఎస్‌లో ఇది మరో రూపంలో వస్తుంది. పంపిణీ లైన్ల లెక్కలకు వాడే, స్క్రిప్టుతో నడిచే ఈ ప్రోగ్రాంలో డిఫాల్ట్ బేస్ ఫ్రీక్వెన్సీ మొదట 60. దాన్ని ఒకసారి 50కి మార్చి ప్రోగ్రాం మూస్తే ఆ విలువ విండోస్ రిజిస్ట్రీలో నిలిచిపోతుంది. స్క్రిప్టులో రాయనవసరం లేదు, హాయిగా ఉంటుంది. స్క్రిప్టును మరొకరికి పంపేదాకా! అక్కడ రిజిస్ట్రీలో 60 ఉంటుంది. స్క్రిప్టు పరిష్కారపు ఫ్రీక్వెన్సీని మాత్రమే 50 అని చెబితే, మీరు 50 దగ్గర కొలిచి ఇచ్చిన లైను రియాక్టెన్సును ప్రోగ్రాం 60 దగ్గరిదనుకుని 50/60తో గుణిస్తుంది. దాదాపు 17 శాతం రియాక్టెన్స్ గాలిలో కలిసిపోతుంది, ఫీడర్ చివరి వోల్టేజీ ఉన్నదానికంటే అందంగా కనిపిస్తుంది. స్క్రిప్టు మొదటి వరుసల్లోనే బేస్ ఫ్రీక్వెన్సీ రాసేయడం దీనికి మందు. జర్మనీలో పుట్టిన పాండాపవర్‌లో డిఫాల్ట్ 50 కాబట్టి అక్కడ ఈ బాధ లేదు. అలవాటుగా అక్కడ కూడా రాస్తే నష్టమూ లేదు.

అపోహ: సావ్, రా రెండూ ఒకటే. ఒకటి బైనరీ, ఒకటి టెక్స్ట్, అంతే తేడా.

పాత సావ్ ఫైలును కొత్త వెర్షన్ ప్రోగ్రాం తెరుస్తుంది, కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన తర్వాత పాత ప్రోగ్రాం తెరవదు. అందుకని రా ఫైలును పాత రూపంలో రాయించి పంపుతారు. పని జరుగుతుంది, కానీ దారిలో ఏం రాలిపోయిందో చూసేవాళ్లు తక్కువ.

34వ వెర్షన్ నుంచి ఒక్కో శాఖకు 12 రేటింగులు పెట్టుకోవచ్చు, 33లో మూడే. సబ్‌స్టేషన్ లోపలి నోడ్-బ్రేకర్ అమరిక 34లో వచ్చింది, 33 రూపానికి దాన్ని మోసే చోటు లేదు. పరిష్కార సెట్టింగులు, అంటే ఇటరేషన్ల పరిమితి, టాలరెన్స్ వంటివి 34 నుంచి రా ఫైలులోనే ఒక విభాగంగా రాస్తారు. 33లో అవి ఉండవు. కాబట్టి 33 రూపంలో వెళ్లిన కేసు అవతలివాళ్ల సెట్టింగులతో పరిష్కారమవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్‌లు కదలనిచ్చారా, షంట్ కెపాసిటర్లను స్విచ్ చేయనిచ్చారా అన్నదాన్ని బట్టి వోల్టేజీలు మారతాయి. పాత రూపంలో పంపక తప్పకపోతే ఈ ఎంపికలను ఈమెయిల్‌లో నాలుగు వాక్యాలుగా రాయండి. ఆ నాలుగు వాక్యాల వల్ల తప్పే ఫోన్లు చాలా ఉంటాయి.

అపోహ: ప్రోగ్రాం సేవ్ చేసిందంటే కేసు బాగున్నట్టే.

ప్రోగ్రాముకు మంచిచెడ్డలు తెలియవు. కన్వర్జ్ కాని (లెక్క ఒక జవాబుకు చేరని) కేసులో వోల్టేజీలు 0.3, 1.9 అని పడి ఉన్నా చెప్పినట్టు సేవ్ చేస్తుంది. ఆ వోల్టేజీలే తర్వాతి రన్‌కు ప్రారంభ విలువలవుతాయి, మంచి కేసు కూడా ఇక లొంగదు. ఫ్లాట్ స్టార్ట్‌తో (వోల్టేజీలన్నీ 1.0 అనుకుని మొదలుపెట్టడంతో) కొన్నిసార్లు బయటపడవచ్చు. పరిష్కారం విఫలమైతే దాని ముందటి స్థితికి వెనక్కి వెళ్లే సదుపాయం పవర్‌వరల్డ్‌లో ఉంది, చాలామంది ఆ మెనూ వైపే చూడరు.

ఇంతకంటే ఖరీదైన పొరపాటు కన్వర్ట్ చేసిన కేసుది. పీఎస్ఎస్‌ఈలో డైనమిక్స్‌కు ముందు జనరేటర్లను నార్టన్ సోర్సులుగా (ఇంపిడెన్స్‌తో కూడిన కరెంటు సోర్సులుగా), లోడ్లను స్థిర కరెంటు, స్థిర అడ్మిటెన్స్ రూపాలకు మారుస్తాం. మార్చిన జనరేటర్లను వెనక్కి తెచ్చే దారి లేదు. ఆ కేసును అసలు పేరుతోనే సేవ్ చేస్తే లోడ్ ఫ్లో కేసు పోయినట్టే, న్యూటన్ పద్ధతి దాని మీద ఇక నడవదు. కన్వర్ట్ చేసిన కేసుకు వేరే పేరు పెట్టండి. అసలు ఫైలును రీడ్ ఓన్లీ చేసి ఉంచితే ఇంకా మంచిది, చేయి జారినా ఫైలు జారదు.

కంటింజెన్సీ (ఒక లైనో జనరేటరో పోతే ఏమవుతుందన్న) అధ్యయనంలోనూ ఇదే జాతి తప్పు ఒకటుంది. సబ్‌సిస్టమ్, మానిటర్, కంటింజెన్సీ ఫైళ్లతో కట్టే డీఎఫ్‌ఎక్స్ ఫైలు ఒక నిర్దిష్టమైన కేసుకు చెందుతుంది. కేసులో లైను తీసినా, చేర్చినా దాన్ని మళ్లీ కట్టాలి.

అపోహ: ఆటోసేవ్ ఉంది, క్లౌడ్ ఉంది, ఇంకేం భయం?

ఆటోసేవ్ మంచిదే, ముఖ్యంగా విద్యుత్ ఇంజినీర్ల ఆఫీసులోనే కరెంటు పోయే రోజుల్లో. అయితే అది మీరు దాచుకోవాలనుకున్నదాన్ని కాక, ఆ నిమిషానికి ఉన్నదాన్ని దాస్తుంది.

పవర్‌ఫ్యాక్టరీలో అయితే మొత్తం వ్యవహారమే వేరు. అక్కడ ప్రాజెక్టు డేటాబేస్‌లో ఉంటుంది, నెట్‌వర్క్ డేటాలో చేసిన మార్పు వెంటనే డేటాబేస్‌లోకి పోతుంది. “ఊరికే మార్చి చూద్దాం, సేవ్ చేయకుండా మూసేద్దాం” అనే మన పాత అలవాటు అక్కడ చెల్లదు. ఆపరేషన్ సినారియో మాత్రం దీనికి తిరగబడి ఉంటుంది, దాన్ని మనమే సేవ్ చేయాలి. జనరేషన్ విలువలు, స్విచ్ స్థితులు అందులోవే. ఒకటి అడగకుండా సేవ్ అవుతుంది, మరొకటి అడిగితేనే. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. ప్రయోగం చేయాలంటే వేరియేషన్ (మార్పులను విడిగా ఉంచేది) తెరవండి, లేదా ముందు ప్రాజెక్టు వెర్షన్ ఒకటి తీసుకోండి.

డేటాబేస్ మీద నడిచే ప్రాజెక్టును క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్‌లో ఉంచి పని చేయవద్దు. ప్రోగ్రాం రాస్తుండగా సింక్ దాన్ని సగంలో పట్టుకుంటుంది. పని ముగించి, ప్రోగ్రాం మూసి, ఆ తర్వాత ప్రతిని క్లౌడ్‌కు ఎక్కించండి.

అపోహ: లోడ్ డేటాను ఎక్సెల్‌లో తెరిచి చూస్తే నష్టమేముంది?

తెరిచి చూస్తే ఏమీ లేదు. తెరిచి, అలవాటుగా సేవ్ చేసి మూస్తే చాలా ఉంది. 3-4 అని పేరు పెట్టిన లైను ఏప్రిల్ 3 అయిపోతుంది. 01 అన్న సర్క్యూట్ గుర్తు 1 అవుతుంది, ప్రోగ్రాం దృష్టిలో అవి రెండు వేర్వేరు సర్క్యూట్లు. సీఎస్‌వీలో ఉన్న పొడవాటి సర్వీసు నంబర్లు 1.23ఈ+12 లాంటి రూపంలోకి మారి అలాగే సేవ్ అవుతాయి, చివరి అంకెలు తిరిగి రావు. వెయ్యి దాటిన సంఖ్యలో కామా పెట్టి రా ఫైలులో అతికిస్తే, అక్కడ కామా విలువలను వేరుచేసే గుర్తు కాబట్టి ఒక సంఖ్య రెండుగా చీలి, వెనకున్నవన్నీ ఒక గడి జరుగుతాయి. ఎక్సెల్‌లోకి తేవలసి వస్తే నేరుగా తెరవకుండా ఇంపోర్ట్ ద్వారా తెచ్చి, ఆ నిలువు వరుసలను టెక్స్ట్‌గా ప్రకటించండి.

అపోహ: మనది చిత్తూరు స్టడీ, మన ఫైలు చిన్నదే.

2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసింది. చిత్తూరు 400 కేవీ సబ్‌స్టేషన్ దగ్గర ఫాల్ట్ పెట్టి స్టెబిలిటీ చూడాలన్నా కేసులో దేశమంతా ఉండాల్సిందే. అంత పెద్ద కేసుకు మన ప్రాంతపు వివరాలను కలిపేటప్పుడు రా ఫైలు మొదటి విలువ చూసుకోవాలి. అది 0 అయితే మెమరీలో ఉన్న కేసు తుడిచిపెట్టుకుపోతుంది, 1 అయితే దానికి కలుస్తుంది. కలిపేముందు బస్ నంబర్లు (గ్రిడ్ కూడళ్ల నంబర్లు) ఢీకొనడం లేదని చూడండి.

పేర్లను నమ్మి కలపవద్దు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకుముందు కట్టిన కేసుల్లో రేణిగుంట, శ్రీకాళహస్తి చిత్తూరు పేరు కిందే ఉంటే ఆశ్చర్యం లేదు. ప్రోగ్రాముకు జోన్ నంబరే లెక్క, పేరు అలంకారం. పేరు చూసి జోన్ మొత్తం లోడ్‌ను పెంచితే ఏ ఊరి లోడ్ పెరిగిందో మళ్లీ వెతుక్కోవాలి.

ఫోల్డర్ల గురించి ఒక మాట. ఓపెన్‌డీఎస్ఎస్‌లో కంపైల్ ఆదేశం పని చేసే ఫోల్డర్‌నే మార్చేస్తుంది, రీడైరెక్ట్ మళ్లీ పాత చోటికి వస్తుంది. ఫైలు కనబడటం లేదన్న సందేశానికి ఇది తరచుగా కారణం. తెలుగు మీద ఎంత ప్రేమ ఉన్నా ఫోల్డర్ పేర్లను మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి, పాత ఫోర్ట్రాన్ పునాదులున్న ప్రోగ్రాములు వాటి దగ్గర తడబడతాయి. ఫైలు పేరులో సంవత్సరం, కాలం, పీక్ లోడా ఆఫ్ పీక్ లోడా అన్నది, ప్రోగ్రాం వెర్షన్, కన్వర్ట్ చేశారా లేదా అన్నది ఉంటే చాలు. “ఫైనల్”, “ఫైనల్ కొత్తది”, “ఫైనల్ సార్ చెప్పింది” అని మూడు ఫైళ్లు ఒకే ఫోల్డర్‌లో వస్తే మేము ముందు పంపినవారికే ఫోన్ చేస్తాం, ఏది తెరవాలో చెప్పమని.